సముద్రం దగ్గర కలుద్దామని చెప్పి

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడు. మా ఇంట్లో పండక్కి అరిసెలుండేవి గానీ పూజ ఉండేది కాదు. అలా పెరిగినవాణ్ణి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరడం తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. దారి నడిచేవాళ్ళందరిదీ. దండం పెట్టేవాడే నడవాలని ఎవరూ షరతు పెట్టలేదు, నన్ను ఆపి ఎవరూ అడగనూ లేదు. నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ నాకు అనువైన ముక్కలు ఏరుకుని చెప్పుకుంటూ వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పడం ఇప్పుడే.

ఈ నడక తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు, చతుర్దశి మధ్యాహ్నం, కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం కదులుతారు. కొండ మీది స్వామి అప్పన్న పుష్పరథం కూడా అక్కణ్ణుంచే బయల్దేరుతుంది. అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా వెళ్ళి జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రాన్ని చేరతారు. అక్కడ స్నానం. తర్వాత అప్పూఘర్, ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, మురళీనగర్, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల దాటి మళ్ళీ తొలిపావంచాకే రావాలి. 32 కిలోమీటర్లు. దారి పొడుగునా సింహగిరి కుడిచేతి వైపే ఉంటుంది. తెల్లారితే పౌర్ణమి, స్వామికి ఆ ఏటి నాలుగో విడత చందనం సమర్పించే రోజు. రాత్రంతా నడిచినవాళ్ళు అదే ఊపులో మెట్లెక్కి దర్శనం చేసుకుంటారు. అంత దూరం నడవలేనివాళ్ళు పైన గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు.

నాకు ఇందులో కావలసింది ఊరు. విశాఖపట్నంలో పుట్టి పెరిగాను, అయినా దీన్ని బస్సు కిటికీలోంచి, బండి మీంచి తునకలుగానే చూశాను. కొండకీ సముద్రానికీ మధ్య ఈ ఊరు ఎలా ఇమిడిందో, లోయలెక్కడ మొదలై కాలనీలెక్కడ ముగుస్తాయో ఒక్కసారి కాలినడకన చూడాలని ఉండేది. ఆ రాత్రికి బళ్ళని దారి మళ్ళించి రోడ్డంతా మనుషులకి వదిలేస్తారు. ఏడాదిలో ఇంకెప్పుడూ దొరకని అవకాశం. ఇది మంచి కారణమేనని ఈ రోజుకీ గట్టిగా చెబుతాను. పైగా స్పెయిన్‌లో శాంటియాగో యాత్ర గురించి అప్పట్లో చదివి ఉన్నాను. అక్కడ కనీసం 100 కిలోమీటర్లు నడిచిగానీ, 200 కిలోమీటర్లు సైకిల్ తొక్కిగానీ వచ్చినవాళ్ళకి యాత్ర చేసినట్టు పత్రం ఇస్తారు. ఇచ్చేముందు ఎందుకొచ్చావని అడుగుతారు. భక్తితో సంబంధం లేదని చెప్పినవాళ్ళకీ వేరే పత్రం ఉంటుంది. వందల ఏళ్ళ దారి ఒకటి నాలాంటివాణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంటుందని తెలిసి చాలా సంతోషించాను. ఆ సంతోషంలోనే ఒక పొరపాటు ఆలోచన కూడా తలకెక్కింది. నా కారణం తేటగా, బుద్ధిపూర్వకంగా ఉంది, చుట్టూ నడిచే లక్షల మందిది అలవాటు అనుకున్నాను. తర్వాత జరిగినదానికంతా మూలం అదే.

మా మేనత్తది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఏటా తన ఊరి ఆడవాళ్ళతో రైల్లో వచ్చి ప్రదక్షిణ చేసి వెళ్ళేది. నేనూ వస్తానంటే పొంగిపోయింది. భక్తి కుదిరిందేమోనని ఒక్క మాట అడగలేదు. "కర్రని సూసుకుంటా నడు, అదొక్కటే" అంది. వాళ్ళ గుంపుకి ఒక వెదురు కర్ర ఉంది. దాని కొసన ఎర్ర జాకెట్టు ముక్క కట్టి ఉంటుంది. దాన్ని వంతులవారీగా ఒకరు ఎత్తి పట్టుకుని నడుస్తారు. అంత జనంలో ఎవరు వెనకబడినా, నీళ్ళకో మరోదానికో పక్కకి వెళ్ళినా తలెత్తి ఆ ఎర్ర గుడ్డ వెతుక్కుని వచ్చి కలవాలి. కర్ర పట్టుకున్నవాళ్ళు వెనకనున్న ముసలామె అడుగుని బట్టి నడవాలి. సముద్రం దగ్గర అందరూ చేరేదాకా ఆగాలి. స్నానాలయ్యాక తెచ్చుకున్న చద్ది తిని, తలలు లెక్కపెట్టుకుని, అప్పుడు రెండో సగం మొదలుపెట్టాలి. ఎవరు పెట్టారో, ఎప్పట్నుంచి ఉందో తెలియని పద్ధతి. నేను విన్నాను. నాకు వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

తొలిపావంచా దగ్గర అత్త నాకూ ఒక కొబ్బరికాయ కొంది. వద్దన్నాను. ఎవరో బొట్టు పెట్టబోతే మొహం పక్కకి తిప్పాను. ఆమె చేయి గాల్లోనే ఆగింది. జోళ్ళు విప్పలేదు. దారి పక్కన పులిహోర, మజ్జిగ, అరటిపళ్ళు పంచుతుంటే తీసుకోలేదు, కొట్లో నీళ్ళ సీసా కొనుక్కున్నాను. మజ్జిగ గ్లాసు చాచిన కుర్రాడు నా కులమూ మతమూ నమ్మకమూ ఏదీ అడగలేదు. దాహంగా ఉంటుందని ఇచ్చాడు. నేనే ఆ గ్లాసులో లేని అర్థాన్ని పెట్టి తిరస్కరించాను. భక్తుడని ఎవరైనా పొరబడతారేమోనన్న భయం తప్ప అప్పుడు నా మనసులో ఇంకేదీ లేదు. దాన్ని నిజాయితీ అనుకున్నాను.

అడివివరం దాటుతుండగా అత్తకి గుడి చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ 1098 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం ఉందని, ఇప్పుడున్న కట్టడంలో ఎక్కువ భాగం పదమూడో శతాబ్దంలో గంగరాజు నరసింహదేవుడి హయాంలో జరిగిందని చెప్పాను. ఇదంతా రాజుల పనేనని ఆమెకి నచ్చజెప్పాలని నా ఉద్దేశం. ఆమె శ్రద్ధగా వింది. "అయితే అన్నేళ్ళ బట్టీ నడుస్తన్నారన్నమాట" అంది. నేను రాజుల గురించి చెప్పింది ఆమెకి నడిచినవాళ్ళ గురించిన కబురుగా చేరింది. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించి ఉండాల్సింది. నేను తర్వాతి రాజు దగ్గరికి వెళ్ళిపోయాను.

గుంపులో ఒక్కొక్కరినీ ఎందుకు నడుస్తున్నారని కూడా అడిగాను. అందరూ దేవుడి కోసమన్నారు. నేను ఊహించిన జవాబే కాబట్టి చాలనుకున్నాను.

ముడసర్లోవ దగ్గర వాన అందుకుంది. అక్కడి రిజర్వాయర్ నీళ్ళ మీద తేలే సోలార్ పలకలున్నాయి, వాటి మీద చినుకుల చప్పుడు వినాలని ఆశపడ్డాను, జనం హోరులో వినపడలేదు. అక్కడే ఒక సంగతి గమనించాను. చెప్పుల్లేనివాళ్ళంతా రోడ్డు అంచున వేసిన తెల్ల గీత మీదకి చేరుతున్నారు. తారు గరుకు, తడిస్తే గులకరాయి పైకి తేలి పాదంలో దిగుతుంది. రంగు పూసిన గీత నున్నగా ఉంటుంది. ఆ జానెడు వెడల్పు గీత మీద ఒకరి వెనక ఒకరు, ముసలివాళ్ళకి దారిచ్చి తాము తారు మీదకి దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ నడిచారు. ఎవరూ చెప్పనక్కర్లేకుండా జరిగిపోతున్న సర్దుబాటు అది. నా జోళ్ళు నీళ్ళు పట్టి బరువెక్కాయి, మేజోళ్ళు ముడతలు పడి మడమ ఒరుసుకుంటోంది. గుంపులో ఒకావిడ తన తువ్వాలు చింపి పాదాలకి చుట్టుకోమంది, జోళ్ళు సంచిలో వేసుకోమంది. వైద్యంలాంటి సలహా. జోళ్ళు విప్పితే నేనూ మొక్కు నడకలో చేరినట్టేనని విప్పలేదు. ఆవిడ తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది.

హనుమంతవాక చేరేసరికి నాకు విసుగొచ్చింది. ఫోనులో వేగం చూసుకుంటున్నాను, గంటకి ఎంత నడుస్తున్నామన్నది అంతకంతకీ పడిపోతోంది. "అత్తా, నేను ముందు వెళ్తుంటాను, సముద్రం దగ్గర కలుద్దాం" అన్నాను. "ఒగ్గీసి ఎల్లిపోకు నాయనా, జనం ఎక్కువున్నారు" అంది. నవ్వి చేయి ఊపి కదిలిపోయాను. కొంతదూరం వెళ్ళి తిరిగి చూస్తే ఎర్ర జాకెట్టు ముక్క కనబడింది. కర్రని మామూలు కంటే ఎత్తుకి లేపారు, నాకు కనబడాలని.

జోడుగుళ్ళపాలెం దగ్గర ఇసుక కనబడలేదు, మనుషులే. అలల్లోకి దూరం వెళ్ళొద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. పోలీసులు, ఈతగాళ్ళు ఒడ్డున నిలబడి ఉన్నారు. కొంచెంసేపు ఆగాను. వాళ్ళ నడకకి ఇక్కడికి రావడానికి చాలా సమయం పడుతుందని లెక్క వేశాను. ఆగితే కండరాలు బిగుసుకుంటాయని, సగటు వేగం పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అత్తకి ఫోన్ చేద్దామని తీస్తే తడిసి ఆగిపోయింది. ఆ క్షణంలో చేయాల్సింది ఒక్కటే, అక్కడే కూర్చోవడం. పెద్దవాళ్ళు, గుంపుగా ఉన్నారు, నేను లేకపోతే ముందుకెళ్ళాననుకుంటారు అనుకుని అప్పూఘర్ వైపు తిరిగాను.

మిగతా దారి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఊరిని చూడటానికి వెళ్ళినవాణ్ణి, ఇసుకతోట నుంచి మాధవధార దాకా ఏం చూశావంటే చెప్పలేను. మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలానికి పాత మెట్ల దారి ఉంది, అది ఎక్కడ మొదలవుతుందో చూడాలని ముందే రాసిపెట్టుకున్నాను. ఆ చోటు దాటిపోయినట్టు కూడా తెలియలేదు. కింద నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు, ముందు నడిచేవాళ్ళ వీపులు, నా మడమ, ఇవే ఉన్నాయి. (ఆ గ్లాసుల సంగతి నిజంగా బాధాకరం. రాత్రికి రాత్రి అంత చెత్త పోగవుతుంది, తెల్లారి అంతా ఊడ్చేది పారిశుద్ధ్య కార్మికులు. పంచేవాళ్ళు దీని గురించి గట్టిగా ఆలోచించాలి.) మురళీనగర్ దగ్గర కుర్రాళ్ళు నడిచేవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్ళకి మందు రాస్తున్నారు. నా నడక చూసి పిలిచారు. ఆగలేదు. తొలిపావంచా చేరి, అక్కణ్ణుంచి ఎవరిదో బండి మీద కూర్మన్నపాలెంలో మా ఇంటికొచ్చి పడుకున్నాను. మా ఆవిడా పిల్లలూ ఊళ్ళో లేరు.

మర్నాడు పొద్దెక్కాక తలుపు చప్పుడైంది. అత్త, వెనకాల గుంపులోని ఆడవాళ్ళందరూ. చీరలు ఒంటిమీదే ఆరి ఉప్పు చారలు కట్టాయి. కర్ర ఒకావిడ చేతిలో ఉంది. అత్త మొహం నన్ను చూసి ఒక్కసారిగా వదులైంది. మెట్టు మీద కూలబడింది. తర్వాత ఆమె కళ్ళు నా మడమ మీద పడ్డాయి. "కాళ్ళకేటయింది రా?" అంది. ఆమె అడిగిన మొదటి మాట అదే.

రాత్రి జరిగింది ఆమె చెప్పలేదు, మిగతావాళ్ళు చెప్పారు. సముద్రం దగ్గరికి వచ్చి నా కోసం వెతికారు. ఫోన్ కలవలేదు. కలుద్దామన్నాడు కాబట్టి ఎక్కడికీ వెళ్ళడని అత్త పట్టుబట్టింది. కర్రని ఇసుకలో పాతి కూర్చున్నారు. ఎంతకీ రాకపోయేసరికి ఆమెకి అలల మీద అనుమానం మొదలైంది. పోలీసుల దగ్గరికి వెళ్ళి నా ఆనవాళ్ళు చెప్పింది, నీలం జోళ్ళని చెప్పింది. మైకులో నా పేరు పిలిపించింది. ఒడ్డున ఎవరి జోళ్ళు విడిగా కనబడినా వెళ్ళి వంగి చూసిందట. నేను పంతానికి విప్పని జోళ్ళని ఆమె రాత్రంతా ఒడ్డున వెతికింది. తెల్లారేదాకా అలాగే ఉన్నారు. వెలుగొచ్చాక బస్సు పట్టుకుని, అడ్రసు అడుగుతూ మా ఇంటికొచ్చారు.

వాళ్ళు ప్రదక్షిణ పూర్తి చేయలేదు. అది నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. సగంలో వదిలేశారు, దర్శనమూ లేదు. పనుల్లోకి వెళ్ళాలని ముందే అనుకున్న రైలూ పోయింది. తువ్వాలు చింపబోయినావిడకి మొక్కుంది. కూతురికి ముందు రెండు కాన్పులు నిలవలేదు, మళ్ళీ నెలలు నిండుతున్నాయి, ఆ బిడ్డ కోసం నడుస్తోంది. "వచ్చే ఏడు తీర్చుకుంటానులే బాబూ, మనిషి కన్నా ఎక్కువేటి" అంది నాతో. మొక్కుల మీద నాకు నమ్మకం లేదు. నెలలు నిండిన కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, మొక్కు సగంలో ఆగిందన్న దిగులుతో ఆమె మిగిలిన రోజులు గడపాలని మాత్రం నాకు తెలుసు. ఆ దిగులు పెట్టింది నేను. నేను నమ్మకపోవడం వల్ల అది ఒక్క వీసం కూడా తగ్గదు.

ఉప్మా చేశాను. నేల మీద కూర్చుని తిన్నారు. తింటూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే, నిన్న నేను అడిగిన ప్రశ్నకి అసలు జవాబులు అప్పుడు వినబడ్డాయి. పెళ్ళయ్యాక ఏడాదిలో ఈ ఒక్క రాత్రే తను ఇల్లు దాటి నిద్రపోకుండా నచ్చినట్టు ఉండేదని ఒకావిడ అంది. ఇంకొకామె గోగునార పనిలో తనతో ఉండి చనిపోయిన స్నేహితురాలి కోసం వస్తుంది, ఇద్దరూ కలిసి నడిచేవారట. అత్త సముద్రం కోసం వస్తుంది. "దేవుడు మా ఊళ్ళోనూ ఉన్నాడు గదా. సముద్రం నేదు. ఒకసారి సూసి ఎల్తే ఏడాది గడిసిపోద్ది" అంది. దేవుడి కోసమన్న జవాబూ అబద్ధం కాదు. సంవత్సరానికోసారి కనబడే మేనల్లుడు కాగితం చదివినట్టు అడిగితే ఇచ్చే జవాబు అది. భక్తి లేకుండా నడిచేవాణ్ణి నేనొక్కణ్ణేనని, ఆ గుంపుకీ నాకూ మధ్య గీత ఉందని అనుకున్నాను. వాళ్ళ కారణాల్లో సగం నా కారణానికి పక్కింటివి. మొక్కూ, సముద్రమూ, పోయిన స్నేహితురాలూ, ఒక రాత్రి స్వేచ్ఛా ఒకే మూటలో కట్టుకుని వాళ్ళు నడుస్తున్నారు. నేను ఆ మూటలోంచి దేవుణ్ణొక్కణ్ణీ తీసి పక్కన పెడుతున్నాననుకుని, తోడునీ ఎదురుచూడటాన్నీ పెట్టింది తినడాన్నీ కూడా తీసేశాను. మిగిలింది కిలోమీటర్లు. వాటి కోసం అంత రాత్రి వాళ్ళతో నడవాల్సిన పని లేదు, మా వీధిలోనే తిరగొచ్చు.

నమ్మకం లేనివాడికి ఆ దారిలో చోటుందని ఇంకా అంటాను, పోట్లాడైనా అంటాను. నమ్మకం లేదని నేను బాధ్యతల్లోంచి కూడా తప్పుకున్నాను, అది నా అవివేకం. సముద్రం దగ్గర కలుద్దామని నేను ఇచ్చిన మాటకి దేవుడితో పనేమీ లేదు. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి నాలో ఉన్న హేతువాదమే చాలు. అత్త దాన్ని నమ్మింది. రాత్రంతా అక్కడ కూర్చుంది.

ఆ పై ఆషాఢంలో మొక్కు ఆవిడ మళ్ళీ వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. మనవరాలి ఫోటో చూపించింది. తొలిపావంచా దగ్గర ఆమె కొబ్బరికాయ నేను కొన్నాను, ఆమె కొట్టింది. జోళ్ళు వేసుకునే నడిచాను, పొడి మేజోళ్ళు రెండు జతలు సంచిలో పెట్టుకుని. మజ్జిగ తాగాను. కర్ర నాకిచ్చారు. అది పట్టుకున్నవాడు ఎంత మెల్లగా నడవాలో పట్టుకుంటేగానీ తెలియదు, ఊరు కూడా ఆ వేగానికే కనబడింది. మాధవధార మెట్లు ఎక్కడున్నాయో చూశాను. దర్శనానికి వాళ్ళు పైకి వెళ్తే నేను కింద సంచులకి కాపలా కూర్చున్నాను, రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు.

ఇప్పుడు అత్త మోకాళ్ళు అరిగిపోయాయి. డాక్టరు ఎక్కువ నడవొద్దన్నాడు. మొన్న ఫోన్ చేసి ఈ ఏడు రాలేనని చెప్పింది, చెప్పి పెట్టేయలేదు. తొలిపావంచా దగ్గర కాయ కొట్టి నడిచినంత దూరం నడుద్దామని, ఎక్కడ కాళ్ళు ఆగితే అక్కణ్ణుంచి పక్క వీధుల్లో ఆటో దొరికినంత మేర వెళ్దామని, జోడుగుళ్ళపాలెం దగ్గర గుంపు వచ్చేదాకా ఇద్దరం కూర్చుందామని అన్నాను. రెండో సగం ఈసారికి నడవకపోయినా నాకు లోటేమీ లేదని కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, చద్ది ఎంతమందికి కట్టాలని అడిగింది.